తొంగిచూడకూడని గూడు

బుధవారం సాయంత్రం, ఆవులు ఇంకా మేత నుంచి రాకముందే, కౌపో తన పశువుల కొట్టంలో నిచ్చెన వేయించాడు. పనివాడు ఐనార్ దాన్ని భుజాన మోసుకొచ్చి నడిదూలానికి ఆనించాడు. కౌపో నాలుగు మెట్లెక్కి, అయిదో మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోయాడు. చేతిలో పేడ గీకే పార ఉంది. తలకి రెండు జానల ఎత్తున, దూలం మూలలో, మట్టితో కట్టిన వానకోయిల గూడు ఉంది.

కింద హిల్యా పాలు పితికే మిషన్ కప్పుల్ని వేడినీళ్లలో ముంచి తీస్తోంది. ఒక్కో కప్పులో వేలు పెట్టి రబ్బరు చుట్టూ తిప్పి, జిడ్డు లేదని తేలాక కొక్కేనికి తగిలిస్తోంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ చెయ్యి చేసే పని అదే. ఆమె పని ఆపలేదు గానీ చెవి మాత్రం నిచ్చెన దగ్గరే ఉంది.

కౌపో పైన నిలబడి పారని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత మెల్లగా దిగొచ్చి, పారని ఐనార్ వైపు చాచాడు.

"నాకెందుకు? నాకున్నవి రెండే కళ్లు" అన్నాడు ఐనార్. "నీకంటే కళ్లజోడు కూడా ఉంది. నువ్వే కానీ."

మా విరుమా జిల్లాలో వానకోయిల గూడు పడగొట్టినవాడికి కళ్లు పోతాయని, వాడి ఆవు పాలలో రక్తం పడుతుందని ప్రతి ఇంట్లోనూ చెబుతారు. ఎవరికైనా అలా జరగడం చూశారా అంటే చూసినవాడు దొరకడు. అయినా పార ఎత్తేవాడూ దొరకడు. కౌపో టార్టూ నగరంలో పశువుల చదువు చదివినవాడు. ఆవు కడుపులో ఎన్ని అరలున్నాయో, ఏ అరలో ఏం జరుగుతుందో గడగడా చెప్పగలడు. ఆ చదువంతా కలిసి అతన్ని నాలుగో మెట్టు దాకా తీసుకెళ్లింది.

గూడు తీయాలన్న తొందర ఊరికే పుట్టలేదు. జిల్లాలోకెల్లా చక్కని పశువుల కొట్టం ఏదో తేల్చడానికి శనివారం కమిటీవాళ్లు వస్తున్నారు. ఏప్రిల్‌లోనే కౌపో ఇద్దరినీ కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పాడు. షీల్డు వస్తే ఈ సున్నపురాయి కొట్టాన్ని ఇలాగే ఉంచుతాడు, చీజు కొనేవాళ్లు వచ్చి చూస్తారు, హిల్యా ఐనార్‌లు ఉంటారు. రాకపోతే అవతల రేకుల షెడ్డు లేస్తుంది, అందులో తనంతట తనే పాలు పితికే యంత్రం కూర్చుంటుంది. ఆ రోజు నుంచి హిల్యా గోడల్ని బ్రష్షు పెట్టి రుద్దుతూనే ఉంది. ఏభై ఎనిమిదేళ్ల వయసులో ఆమెకి ఇంకో కొట్టంలో పని ఎవరూ ఇవ్వరు.

ఇక గూటి గొడవ. పక్షి రెట్ట సరిగ్గా పాలగొట్టం పక్కన పడుతోంది. ఇందులో ఓ తమాషా ఉంది. కౌపో అమ్మే చీజు పేరు వానకోయిల. ప్రతి పొట్లం మీదా ఆ పక్షి బొమ్మ, దాని కింద దేశ జెండాలోని నీలం నలుపు తెలుపు చారలు. బడి పుస్తకంలో దేశపక్షి అని చదివిన పిల్లలు ఆ పొట్లాన్ని వేలితో చూపిస్తారు. పొట్లం మీద పక్షి ఉండాలి, కొట్టంలో మాత్రం ఉండకూడదు. ఒకప్పుడు ఈ దూలాలకి పదకొండు గూళ్లుండేవి. ఈ ఏడు మే నెలంతా చలి, వచ్చిందే ఒక్క జంట.

పార చేతులు మారుతూ గోడకి చేరింది. కౌపో గూటిని చూస్తూ, ఐనార్ కౌపోని చూస్తూ నిలబడ్డారు. ఆవులు వచ్చే వేళవుతోంది. హిల్యాకి విసుగు పుట్టింది.

"గూడు ఎవరూ ముట్టుకోవద్దులే" అంది ఆమె, చివరి కప్పు తగిలిస్తూ. "తలుపు మీది కిటికీకి వల కొట్టేస్తే సరిపోదూ? లోపలికి రాలేకపోతే అవే ఇంకోచోటు చూసుకుంటాయి. ఆలస్యంగా వచ్చాయి కదా, ఇంకా గుడ్లన్నా పెట్టాయో లేదో."

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. కౌపో మొహం విచ్చుకుంది. పిన్నికి తట్టింది నాకు తట్టలేదే అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆమెని అలాగే పిలుస్తాడు.

నిచ్చెన అక్కడే ఉంది. ఇంకో రెండు మెట్లెక్కితే గూట్లో ఏముందో కనిపించేది. ఎవరూ ఎక్కలేదు. గూడు పడగొట్టకూడదన్న మాటకి తోకలా మా వైపు ఇంకో మాట ఉంది: గూట్లోకి తొంగిచూడకూడదు, చూస్తే తల్లి మళ్లీ రాదు. కాబట్టి ముగ్గురూ మర్యాదగా చూపు దించుకున్నారు.

కొట్టం కట్టిన తాతలు తలుపు పైన రాతిలో జానెడు కిటికీ వదిలింది ఆ పక్షుల కోసమే. పక్షులు రెండూ బయట చెరువు మీద తిరుగుతున్న సమయం చూసి, హిల్యా నిచ్చెన పట్టుకోగా, ఐనార్ దానికి వల పరిచి చుట్టూ మేకులు కొట్టాడు. తలుపుకి కొత్తగా తెచ్చిన ప్లాస్టిక్ పట్టీల తెర వేలాడదీశారు. ఆవులు వచ్చి పట్టీల ముందు ఆగి, ముక్కులతో తోసి చూసి, ఒకదాని వెనక ఒకటి లోపలికి దూరాయి.

గురువారం పొద్దున అయిదుకి హిల్యా సైకిల్ దిగేసరికి పక్షులు రెండూ వల ముందు ఎగురుతున్నాయి. ఒకటి వచ్చి వలకి గుద్దుకుంటుంది, గోళ్లతో పట్టుకుని క్షణం వేలాడుతుంది, వదిలేస్తుంది. వెంటనే రెండోది వస్తుంది. చోటు మారాలంటే ఒకటి రెండు రోజులు పడుతుందిలే అనుకుంటూ ఆమె లోపలికి వెళ్లింది. కానీ పక్షి ముక్కున ఏదో ఉంది. దాన్ని ఆమె కన్ను చూసింది, మనసు దాటేసింది.

వరసకి పన్నెండు చొప్పున ఆవుల్ని కట్టి, పొదుగులు తుడిచి, మొదటి ధారలు చేత్తో పిండి చూసి, కప్పులు తగిలించింది. రోజూ ఆ వేళకి రేడియో మోగుతూ ఉంటుంది. బూజు పట్టిన పెట్టె కమిటీ కళ్లబడకూడదని కౌపో ముందురోజే దాన్ని తీయించేశాడు. మూడో వరస ఆవులయ్యాక హిల్యా మిషన్ ఆపింది. హోరు తగ్గింది. అప్పుడు వినిపించింది, పైనుంచి, సన్నగా, ఆగకుండా.

ఆమె తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒక పిల్ల కాదు, చాలా ఉన్నాయి. అప్పుడే గుడ్డులోంచి వచ్చినవీ కావు, గొంతులు ముదిరాయి. వారం క్రితమే పుట్టి ఉంటాయి. వారం నుంచి తల్లీ తండ్రీ ఆమె నెత్తి మీదుగానే మేత తెచ్చి ఉంటాయి. తెలుసుకోవాలనుకుంటే తెలిసేదే. రేడియో కింద, మిషన్ హోరులో, పొదుగుల కింద తల దూర్చి పని చేసుకునే మనిషికి తెలియలేదు.

చేతులు కూడా తుడుచుకోకుండా చీజు గదికి వెళ్లింది. కౌపో తెల్లటోపీ పెట్టుకుని విరిగిన పాల గడ్డని పొడుగు కత్తితో గళ్లుగళ్లుగా కోస్తున్నాడు. కొట్టం బట్టలతో గడప దాటకూడదు కాబట్టి ఆమె అక్కడి నుంచే చెప్పింది, గూట్లో పిల్లలున్నాయని, వల తీసేయాలని.

కత్తి ఒక గీత మధ్యలో ఆగింది. అతని మొహంలో బాధ కనిపించింది, అబద్ధం చెప్పకూడదు. తర్వాత కత్తి మళ్లీ కదిలింది.

"శనివారం మధ్యాహ్నం దాకా ఓపిక పట్టు పిన్నీ. వాళ్ల కారు మలుపు తిరగ్గానే నేనే తీసేస్తాను."

"నేను పడతాను. అవెలా పడతాయి?"

"కిటికీ మాట ఎత్తింది నువ్వే కదా" అన్నాడు కౌపో. గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది.

హిల్యా తిరిగొచ్చింది. నాలుగో వరస ఆవులు పట్టీల బయట నిలబడి ఉన్నాయి. ఆమె ఒక పక్క పట్టీలన్నిటినీ పోగుచేసి భుజంతో గోడకి నొక్కి పెట్టి, మాసిక్ అనే ముసలి ఆవుని పిలిచింది. మాసిక్ నెమ్మదిగా నడిచే రకం. రోజూ తిట్లు తినే ఆ నడకని ఆ రోజు హిల్యా ఏమీ అనలేదు. ఆవు సగం లోపలికి వచ్చిందో లేదో, దాని వీపు మీదుగా నల్లగా ఒక గీత లాంటిది దూసుకుపోయింది. పైన కేకలు ఒక్కసారిగా పెరిగి, అణిగాయి. పక్షి వచ్చిన దారినే బయటికి పోయింది. హిల్యా తర్వాతి ఆవుని పిలవడానికి తొందరపడలేదు.

ఆ సాయంత్రం గంటన్నరలో అయ్యే పని రెండున్నర గంటలు పట్టింది. ఒక్కో ఆవుకీ పట్టీలు తీయడం, పట్టుకుని నిలబడడం, మెడ నిమరడం, గంట సరిచేయడం. పక్షి లోపలికి వస్తే అది మళ్లీ బయటపడేదాకా ఇంకో ఆవుని ఏదో ఒక వంకతో గుమ్మంలో నిలబెట్టడం. ఆవులు విసుక్కున్నాయి. ఐనార్ ఇంకా విసుక్కున్నాడు.

"ఏంటి హిల్యా, పెళ్లికూతుళ్లని తీసుకొస్తున్నావా ఒక్కొక్కళ్లనీ?" అన్నాడు అవతలి చివర నుంచి.

ఐనార్ వచ్చి చూశాడు. పక్షి అతని చెవి పక్కనుంచి వెళ్లింది. అతను పైకి చూడబోయి, మానుకుని, కాసేపు బూటుతో నేల గీకాడు. తర్వాత రెండో పక్క పట్టీలు తను పట్టుకున్నాడు. మేకులు కొట్టిన చెయ్యి అదే మరి. చివరి ఆవుతోపాటు తల్లిపక్షి లోపలికి వచ్చి మళ్లీ బయటికి పోలేదు. గూటి అంచు మీద దాని తోక రెండు పాయలుగా కనిపిస్తూ ఉండగా హిల్యా తలుపు మూసింది. ఈ రాత్రికి వెచ్చగా ఉంటాయి అనుకుంది.

ఇంటికెళ్లాక ఆమెకి ఒకచోట కాలు నిలవలేదు. ఉడికిన బంగాళాదుంపలు, ఉప్పుచేప పళ్లెంలో పెట్టుకుంది, సగం తిని లేచింది. కిటికీ తుడిచింది. శనివారం కట్టుకోవాల్సిన చారల లంగా తీసి, ఇస్త్రీ చేసిందే మళ్లీ చేసింది. రోజుకి రెండుసార్లు మేత పెడితే బతుకుతాయా? మధ్యాహ్నం కూడా ఒకసారి తలుపు తీస్తే? పది మైళ్లు కాదు కదా, సైకిల్ మీద పావుగంట. శుక్రవారం మధ్యాహ్నం, శనివారం పొద్దున. అంతే, గట్టెక్కిపోతాయి. లెక్క బాగానే ఉన్నట్టు తోచింది. అయినా నిద్ర మాత్రం పట్టలేదు.

శుక్రవారం పొద్దున పాల లారీ వచ్చి అరగంట నిలబడింది. డ్రైవరు కౌపోని పిలిచాడు. కౌపో కొట్టం గుమ్మంలోకి వచ్చి, పట్టీలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరినీ చూశాడు. తనే ఆవుల వెనక చేరి అదిలించాడు. అవి గబగబా తోసుకుంటూ వచ్చేశాయి, పట్టీలు వాటి వెనకే పడిపోయాయి.

మధ్యాహ్నం హిల్యా వచ్చేసరికి తలుపుకి తాళం ఉంది. లోపల గోడలకి కొత్తగా సున్నం కొట్టించాడు కౌపో. ఆరేదాకా ఎవరూ తాకకూడదని తాళం వేశాడు. ఆమె కొట్టం చుట్టూ ఒకసారి తిరిగింది. వెనకపక్క రాతిగోడకి చెవి ఆనించింది. గోడ రెండు మూరల మందం, ఏమీ వినబడలేదు. పక్షులు మాత్రం వల దగ్గరే ఉన్నాయి. పొద్దుటికన్నా తక్కువ ఎగురుతున్నాయి. తీగ మీద కూర్చుని వలనే చూసి, వచ్చి గుద్దుకుని, మళ్లీ తీగ మీదకి పోతున్నాయి.

కౌపో ఇంటిముందు జెండాకర్రకి తెల్లరంగు వేస్తున్నాడు. ఎల్లుండి విజయదినం. ఆ పొద్దుపొడుపున ఎత్తిన జెండా రాత్రంతా దించకుండా మర్నాటి జాన్ పండుగ దాకా ఉంచుతారు. పెరట్లో ఐనార్ పండుగ రాత్రి మంటకోసం కట్టెలు పేరుస్తున్నాడు. గుమ్మానికి రెండు పక్కలా భూర్జ చెట్టు కొమ్మలు అప్పుడే కట్టేశారు. ఊరంతా పండుగ మీద ఉంది. హిల్యా సైకిల్ పట్టుకుని కౌపో దగ్గరికి వెళ్లి, తాళంచెవి అడిగింది.

"సున్నం ఆరాలి పిన్నీ."

"అవతల ప్రాణాలు పోతున్నాయి, అబ్బాయ్."

కౌపో కుంచె డబ్బా అంచుకి రెండుసార్లు రాసి, రంగు కారకుండా చూసుకున్నాడు. నాకు మాత్రం సంతోషంగా ఉందా అన్నాడు. షెడ్డు వేయాల్సి వస్తే నిన్ను పొమ్మని నేనే చెప్పాలి, ఆ మాట నా నోటితో అనిపించకు అన్నాడు. రేపు మధ్యాహ్నం, ఒక్క రోజు అన్నాడు. అన్నదంతా నిజమే. అతను చెడ్డవాడైతే హిల్యాకి పని తేలికయ్యేది. ఆమె సైకిల్ ఎక్కింది. దారిలో రెండుసార్లు దిగి వెనక్కి తిరిగింది, రెండుసార్లూ మళ్లీ ముందుకే తొక్కింది. తాళం బద్దలు కొట్టడానికి రాయి చాలు, ఆ సంగతి ఆమెకి తెలుసు. కొట్టలేదు. ఉద్యోగం పోతుందని కొట్టలేదు. ఆ సంగతీ ఆమెకి తెలుసు, దాని గురించే ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగింది.

సాయంత్రం ఆవుల్ని లోపలికి పంపే పని కౌపో తనే పెట్టుకున్నాడు. అంత తొందరలోనూ తల్లి ఒక్కసారి దూరి, ఒక్కసారి బయటపడింది. మిషన్ ఆపాక హిల్యా తల ఎత్తి చెవి పెట్టింది. గొంతులు ఉన్నాయి. ముందురోజంత లేవు.

శనివారం పదకొండింటికి కమిటీ వచ్చింది. ముగ్గురు. పెద్దావిడ పేరు ఊర్వె, నలభై ఏళ్లు పశువుల డాక్టరుగా చేసి మానేసిన మనిషి. ఆవుని చూడగానే ముందు గిట్టలు చూస్తుంది. ఆమెతో జిల్లా కార్యాలయం నుంచి ఒక కుర్ర ఉద్యోగి, పత్రికకి ఫోటోలు తీసే ఒకాయన. ఆ రోజు కౌపో ఆవుల్ని మేతకి వదల్లేదు. తోమిన ఆవులు తెల్లటి గోడల మధ్య బారులు తీరి నిలబడి ఉన్నాయి. హిల్యా చారల లంగా, తెల్లచొక్కా, కుట్టుపని చేసిన ఏప్రాన్ వేసుకుని, చీజు ముక్కల పళ్లెం పట్టుకుని పాలట్యాంకు పక్కన నిలబడింది. నిన్నటి సున్నం వాసన ముక్కుకి కొడుతోంది. పైనుంచి ఏమీ వినిపించడం లేదు. మనుషుల మాటల్లో వినిపించడం లేదేమోనని ఆమె తనకి తాను చెప్పుకుంది.

ఊర్వె పాలగొట్టాలు చూసింది, కాలువ చూసింది, మాసిక్ వెనకకాలు ఎత్తించి చూసి బాగుందంది. ఈగలు రాకుండా పెట్టానంటూ కౌపో పట్టీల తెర చూపించాడు. ఆమె రాసుకుంది. తర్వాత తలెత్తి, దూలం మూలలో గూడు చూసి, మొట్టమొదటిసారి నవ్వింది.

"ఇంకా వస్తున్నాయన్నమాట మీ దగ్గరికి. మా ఊళ్లో మానేశాయి."

"ఏటా వస్తాయండీ" అన్నాడు కౌపో. "మా అమ్మ ఉన్నప్పటి నుంచీ ఇక్కడే." రెండూ నిజాలే.

ఫోటోలాయనకి హుషారొచ్చింది. పొట్లం మీద వానకోయిల, కొట్టంలో వానకోయిల, కింద పండుగ బట్టల్లో పాలు పితికే ఆవిడ. ఇంతకన్నా ఏం కావాలి? హిల్యాని గూటి కింద నిలబెట్టాడు. పళ్లెం కొంచెం పైకి ఎత్తమన్నాడు. పక్షి వచ్చేదాకా ఆగుదాం, మేత తెచ్చేటప్పుడు తీస్తే బాగుంటుంది అన్నాడు. పిల్లలున్న వేళ అయిదు నిమిషాలకోసారి వస్తుందని ఊర్వె చెప్పింది.

అందరూ నిలబడ్డారు. మాట్లాడితే పక్షి బెదురుతుందని మాటలు ఆపేశారు. ఆవు ఒకటి నెమరేస్తోంది. కొళాయిలోంచి చుక్క పడుతోంది. అయిదు నిమిషాలయ్యాయి. కుర్ర ఉద్యోగి గడియారం చూసుకున్నాడు. కౌపో కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఐనార్ గుమ్మం దగ్గర టోపీని చేతుల్లో తిప్పుతున్నాడు. ఎనిమిది నిమిషాలు. హిల్యా పళ్లెం దించి పొట్టకి ఆనించుకుంది. ఆమె వింటోంది. అంత నిశ్శబ్దంలో కూడా పైనుంచి చప్పుడు లేదు.

అప్పుడు తలుపు పైన టప్పుమని చప్పుడైంది. తలలన్నీ అటు తిరిగాయి. వలకి అవతల పక్షి రెక్కలు విప్పి అతుక్కుని ఉంది. ముక్కునిండా పురుగులు. వదిలేసి, గుండ్రంగా తిరిగొచ్చి, మళ్లీ గుద్దుకుంది.

ఊర్వె నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ అందులో ఏమీ మిగల్లేదు. "ఆ వల ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడిగింది.

కౌపో నోరు తెరిచాడు. ఈగల గురించి ఏదో మొదలుపెట్టాడు. మూడు రోజులుగా హిల్యా మనసులో ఈ ఘడియ కోసమే ఒక మాట సిద్ధం చేసుకుంటూ వచ్చింది. తప్పు ఎవరిదో అందరి ముందూ చెప్పేసే మాట అది. తీరా నోటి దాకా వచ్చేసరికి అది ఆమె అనుకున్న మాటలా లేదు.

"బుధవారం నుంచి" అంది. "కిటికీకి వల కొడదామన్నది నేను."

"మేకులు నేను కొట్టాను" అన్నాడు ఐనార్, టోపీతోనే మాట్లాడుతున్నట్టు.

తిలాపాపం తలా పిడికెడు. మూడో పిడికిలి తెరుచుకోలేదు. కౌపో నేల చూస్తున్నాడు.

హిల్యా పళ్లెం ట్యాంకు మీద పెట్టింది. గోడవారగా ఉన్న నిచ్చెన తెచ్చి దూలానికి ఆనించి, ఒక చేత్తో లంగా పోగుచేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

"వద్దమ్మా" అంది ఊర్వె వెంటనే. నలభై ఏళ్లు డాక్టరుగా చేసినావిడ, వేల జంతువుల కడుపుల్లో చెయ్యి పెట్టినావిడ. "గూట్లోకి చూడకూడదు."

"బుధవారం నాడే చూడాల్సింది" అంది హిల్యా. నాలుగో మెట్టు, అయిదో మెట్టు దాటింది. ఆరో మెట్టు మీద ఆమె తల గూటితో సమానంగా వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. లోపల కోడి ఈకలు పరిచి ఉన్నాయి, గుర్రం వెంట్రుక ఒకటి. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి లోపల పెట్టింది. కింద ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

ఒకటి తీసి ఏప్రాన్‌లో పెట్టుకుంది. మళ్లీ చెయ్యి పెట్టి ఇంకొకటి తీసింది. మూడోది తీసేటప్పుడు వేలితో దాని రొమ్ము మీద నొక్కి చూసి, ఆగి, మళ్లీ నొక్కి చూసింది. దాన్నీ పెట్టుకుంది.

"ఇంకా గూట్లో రెండు బతికున్నాయి" అంది, పైనుంచే. "నోరు తెరుస్తున్నాయి, గొంతు రావడం లేదు. కౌపో, వల కోసెయ్."

కౌపో కదల్లేదు. ఆమె అతన్ని పేరు పెట్టి పిలిచింది, అబ్బాయ్ అనలేదు. రెండోసారి చెప్పలేదు కూడా. అతను గోడకున్న గిట్టలు చెక్కే కత్తి తీసుకుని, పట్టీలు తోసుకుని బయటికి పోయాడు. ఐనార్ నీళ్ల డ్రమ్ము దొర్లించుకుంటూ అతని వెనకే వెళ్లాడు. డ్రమ్మెక్కిన చప్పుడు, కత్తి గీరుతున్న చప్పుడు, ఒక్కో పోగూ తెగుతున్న చప్పుడు. సగం తెగిన వల లోపలికి వాలగానే, కౌపో చెయ్యి ఇంకా అక్కడ ఉండగానే, పక్షి ఆ చేతి కిందనుంచి లోపలికి వచ్చేసింది. కుర్ర ఉద్యోగి తల వంచుకున్నాడు. అది నిచ్చెన మీద మనిషిని లక్ష్యపెట్టలేదు. ఆమె చెంపకి జానెడు దూరంలో గూటి అంచు పట్టుకుని, వంగి, మేత పెట్టి పోయింది. రెండోది వచ్చింది. అది ముక్కునిండా మేతతో వంగి, రెండే నోళ్లు చూసి, మిగిలిన మేత పట్టుకుని అటూ ఇటూ తల తిప్పింది.

అది చూశాక హిల్యా కిందికి దిగింది. ఏడుపు వస్తుంటే ఆపుకోలేదు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఫోటోలాయన కెమెరాకి మూత పెట్టేశాడు. ఊర్వె దగ్గరికి వచ్చి ఏప్రాన్‌లోకి చూసింది. మూడింటినీ పేరుపేరునా గుర్తుపెట్టుకోవాలన్నట్టు చూసింది. మూసిన పుస్తకం మళ్లీ తెరవలేదు. ఫలితం పండుగయ్యాక చెబుతామని ఆనవాయితీగా అనాల్సిన మాట అని, ఎవరికీ చెయ్యి ఇవ్వకుండా కారు వైపు నడిచింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే వెళ్లారు. చీజు పళ్లెం ట్యాంకు మీద అలాగే ఉంది, ఒక్క ముక్క కూడా తగ్గలేదు.

కౌపో లోపలికి వచ్చాడు. చొక్కా మీద తెగిన పోగులు అంటుకుని ఉన్నాయి. కారు మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. హిల్యా ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాచాడు.

"ఇలా ఇవ్వు పిన్నీ. పాతిపెట్టి వస్తాను."

"పాతిపెట్టడం నేను చేసుకుంటాను" అంది హిల్యా. ఏప్రాన్ అంచులు రెండూ విప్పి అతని ముందు పట్టుకుంది. "నువ్వు చూడు."

అతను చూపు పక్కకి తిప్పాడు. ఆమె ఏప్రాన్ దించలేదు. తర్వాత అతను చూశాడు. ఒక పిల్ల రెక్క మీద నీలం ఈక అప్పుడే విచ్చుకోవడం మొదలైంది. నోటి చుట్టూ పసుపు అంచు ఇంకా తడిగానే ఉంది. అతను మూడోదాని దాకా చూసేవరకు ఆమె ఆగింది.

ఆపైన ఏప్రాన్ మడిచి పట్టుకుని, ఆవులు పొద్దుటి నుంచి లోపలే ఉన్నాయి, మేతకి వదలాలి అని ఐనార్‌తో చెప్పి, పెరటి వైపు వెళ్లింది.